తూకం తగ్గించిన మామ

పాఠక మహాశయులారా, నారాయణఖేడ్ పుర పెద్దలారా, వరుసలు కూడా గుర్తులేని మా బంధుమిత్రులారా! కింద రాయబోయేదానికి మీ అందరి పాదాల మీద పడి ముందే క్షమాపణ కోరుకుంటున్నాను. ఇది సంతాప వ్యాసం. అలాంటి వ్యాసానికి కావలసిన సరంజామా నా దగ్గర ఏదీ లేదు. ‘తీరని లోటు’ తేలేకపోయాను. ‘చెరగని చిరునవ్వు’ దొరకలేదు. మా మామ నవ్వితే పక్కింటివాళ్లు వచ్చి ఎవరికేమైందని అడిగేవారు. ‘అజాతశత్రువు’ అని రాద్దామంటే, ఆయనతో మాటల్లేనివాళ్లే మా బజారులో సగం మంది. ఇంతటి అపచారానికి పూనుకున్నందుకు నా కలం సిగ్గుతో తల దించుకోవాలి. దించుకోవడం లేదు. దానికి విడిగా ఇంకో క్షమాపణ.

మా మామ పోయాడు. మా అమ్మకు చిన్న తమ్ముడు. ఆ వార్త నాకు సంగారెడ్డి బస్టాండులో ఉండగా, బంధువుల వాట్సాప్ గుంపులో తెలిసింది. ఒక గులాబీ, ఒక దీపం, కింద ‘రిప్’. పంపినాయన మాకు దూరపు చుట్టం. నేనింకా ఆ ముక్క దగ్గరే ఆగి ఉండగా, అదే చేత్తో ఆయన ఆనాటి కందుల ధర కూడా పెట్టాడు. దాని కింద చాలామంది చేతులు జోడించారు. ధరకా, మామకా అన్నది ఇప్పటికీ తేలలేదు. ఛీ అనిపించింది. ఆ రోజంతా అనబోయే ఛీలలో అది మొదటిది మాత్రమే అని నాకప్పటికి తెలియదు.

అమ్మకు ఫోన్ చేశాను.

“చాయ్ తాగుతుండెనట. గ్లాసు కింద పెట్టి గుండె మీద చెయ్యేసుకున్నడట. దవాఖానకు తీస్కపోయేలోపే...” అంది అమ్మ. తర్వాత, “గ్లాసుకు గూడ గా బంకనేరా. కడిగితే పోతలేదు,” అని బావురుమంది.

ఆ బంక గురించి చెప్పకుండా మా మామ గురించి చెప్పడం కుదరదు. భోజనం చేస్తూ చదువుతున్నవాళ్లు పళ్లెం పక్కన పెట్టండి.

మా మామ విల్లులు తయారుచేసేవాడు. నాటకాల్లో పట్టుకునే అట్టముక్క విల్లులు కాదు. పోటీల్లో పిల్లలు గురిచూసి కొట్టే నిజమైన విల్లులు. పలచటి వెదురు బద్ద, దానికి అటూ ఇటూ గాజునారతో, అదే ఫైబర్‌గ్లాసుతో, నేసిన గుడ్డ, దాని మీద నల్లటి కార్బన్ గుడ్డ. ఈ పొరలన్నిటినీ పట్టి ఉంచేది ఒక బంక. రెజిన్ అనే చిక్కటి ద్రవంలో హార్డెనర్ అనే మరో ద్రవం కలిపితే అది గడ్డకట్టి రాయి అవుతుంది. అయ్యేలోపు కంపు కొడుతుంది. ఎండలో మరిచిపోయిన చేపల బుట్ట మీద పిల్లి వచ్చి తన పని కానిచ్చిపోతే ఎలా ఉంటుందో ఊహించుకోండి. ఆ వాసన మామ చొక్కాలో, మామ జుట్టులో, మామ పిలుపులో కూడా ఉండేది. ఆయన గోళ్ల కింద ఆ బంక ఎండిపోయి గోధుమరంగు పొరల్లా ఉండేది. ఆ చేత్తోనే ఆప్యాయంగా నా నోట్లో రొట్టెముక్క పెట్టబోయేవాడు. నేను పరుగెత్తేవాణ్ని.

మా అత్త అయితే మొగుడి ముందే అనేది: “నీ మామ చేత్తోటి పెడితే కుక్క గూడ వాసన చూసి, దండం పెట్టి పోతది.”

“నువ్వు తినకు. నేను నీకు పెట్టలే,” అనేవాడు మామ.

అతికించిన పొరలను పాత సైకిల్ ట్యూబులు చీల్చిన పట్టీలతో గట్టిగా చుట్టి, వేడిలో ఉంచాలి. అందుకు ఆయన చెడిపోయిన ఫ్రిజ్ ఒకటి తెచ్చి, లోపల బల్బులు బిగించాడు. లోకంలో అందరి ఫ్రిజ్‌లూ చల్లబరుస్తుంటే మా మామ ఫ్రిజ్ ఉడకబెట్టేది. ఒకసారి చలికాలంలో మా అత్త తెలివిగా జొన్నరొట్టెల మూట అందులో వెచ్చగా దాచింది. ఆ పూట మేం తిన్న రొట్టెల రుచి గురించి రాయడానికి తెలుగు భాష ఇంకా ఎదగాలి.

గాజునార ధూళి సంగతి మరీ రోత. కోసినప్పుడు అది కంటికి కనబడని ముళ్లయి గాలిలో తేలి, ఆరేసిన బట్టల మీద వాలేది. మా అక్క నిశ్చితార్థానికి ఇంటిల్లిపాదీ ఆ బట్టలే కట్టుకుని బీదరు పోయాం. పీటల మీద పెద్దలు తాంబూలాలు మార్చుకుంటున్నారు. మా వాళ్లంతా గోక్కుంటున్నారు. మా అమ్మ మెడ, మా అత్త నడుము, మా పెద్దమామ అయితే పంచెలోపలికి చెయ్యి పోనిచ్చి మరీ. మగపెళ్లివారి పెద్దావిడ చివరికి ఆగలేక అడిగింది:

“మీ ఇంట్ల గజ్జి ఉన్నదా ఏంది?”

“గజ్జి గాదు, గాజు,” అన్నాడు మామ, చాలా గర్వంగా.

సంబంధం ఎలాగో నిలిచింది. మా అక్క మాత్రం మామతో ఏడాది మాట్లాడలేదు.

ఇప్పుడు మా ఇంటి వ్యాపారం చెప్పాలి, లేకపోతే మామ చేసిన ఘోరం మీకు అర్థం కాదు. మా మేనమామల వాళ్లది కందులు, మినుములు, పెసర్లు కొని అమ్మే దుకాణం. కంగ్టి వైపు నుంచి, సిర్గాపూర్ వైపు నుంచి రైతులు బస్తాలు తెస్తారు. బస్తా కాంటా మీద కూర్చుంటుంది. ఆ ఇంట్లో బరువే దేవుడు. గింజ బరువుంటే మంచి గింజ. పిల్ల బరువుంటే మంచి పిల్ల. పెళ్లిలో గిన్నె పెడితే దాన్ని చేత్తో పైకెత్తి, బరువు చూసి, అప్పుడు ముఖం వెలిగిస్తారు. తూకం తగ్గిందంటే ఆ ఇంట్లో ఒకటే అర్థం: దొంగతనం. అలాంటి ఇంట్లో పుట్టి, ఇంజినీరింగ్ చదివి, హైదరాబాదులో కొన్నేళ్లు ఈ గాజునార, కార్బన్ పనులే చేసి, తిరిగొచ్చి గోదాం వెనకగదిలో కూర్చుని మా మామ పెట్టుకున్న పని ఏమిటయ్యా అంటే, తూకం తగ్గించడం.

మొదలైంది ఇలా. ఊళ్లో ఆడపిల్లల హాస్టల్ బడి ఉంది. అక్కడి పీఈటీ మేడం విరిగిన విల్లు ఒకటి పట్టుకుని, ఫైబర్ పని తెలిసిన మనిషి ఉన్నాడట కదా అని వచ్చింది. అతికించి ఇవ్వడానికి మామ బడికి పోయాడు. తమాషా చూద్దామని నేనూ పోయాను. మైదానంలో పిల్లలు వరసగా నిలబడి విల్లు చాచి పట్టుకుంటే, అందరి ఎడమచేతులూ వణుకుతున్నాయి. మామ ఒక పిల్ల చేతిలోంచి విల్లు తీసుకుని, రెండుసార్లు పైకీ కిందికీ ఊపి, నేల మీద పెట్టేశాడు.

“థూ, ఏనిదు!” అన్నాడు. మా ఇళ్లలో కోపమొస్తే కన్నడం వస్తుంది. ఏంటిది అని దానర్థం. తర్వాత తెలుగులోకి దిగి, “ఇది విల్లా, గడ్డపారా? పిల్లలతోటి బావి తవ్విపిస్తున్నరా?” అని మేడంను అడిగాడు.

“పిల్లలకు బలం లేదు సార్. గుడ్లు పెంచమని రాసినం,” అంది ఆమె.

“గుడ్లు పెట్టుండ్రి, మంచిదే. గని చెయ్యి వణికిందంటే తప్పు పిల్లది గాదు, విల్లుది.”

ఆ మాటే ఆ తర్వాత ఆయన నోట కొన్ని వందలసార్లు విన్నాను. విల్లు గురించి తెలియనివాళ్లకు ఆయన రెండే ముక్కల్లో చెప్పేవాడు. విల్లుకు రెండు బరువులు ఉంటాయి. తాడు లాగడానికి కుడిచెయ్యి పడే కష్టం ఒకటి; అది ఉండాలి, బాణాన్ని పంపేది అదే. విల్లును చాచి నిలబెట్టడానికి ఎడమచెయ్యి పడే కష్టం ఇంకొకటి. అందులో సగం ఎందుకూ పనికిరానిది. ఆ పనికిరాని సగమంటే మా మామకు ఒళ్లంతా రోత. రోత అని నేను అలంకారానికి అనడం లేదు. బరువైన వస్తువు చేతికిస్తే ఆయన ముఖం నిజంగా కుళ్లిన వంకాయ కోసినట్టు అయ్యేది. మా పెద్దమామ కొత్తగా చేయించిన టేకు సోఫాలో ఆయన ఎన్నడూ కూర్చోలేదు. “మొయ్యనోనికే బరువు ముద్దు,” అనేవాడు, నేల మీద బాసింపట్టు వేసుకుని.

చేసినవాటిలో నిలిచినవి తక్కువ, విరిగినవి ఎక్కువ. పొరలు విడిపోతే ‘టప్’ మని చప్పుడయ్యేది. ఒకసారి అలా విడిపోయిన ముక్క ఎగిరి, దుకాణంలో గల్లాపెట్టె పైనున్న దేవుడి పటం అద్దం పగలగొట్టింది. పెద్దమామ లేచి కేకలు. మామ ఆ కేకలు వినిపించుకోకుండా విరిగిన ముక్క ఏరుకుని, ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు.

“ఛీ. వెదురుల తడి ఉన్నది. ఆరకముందే అంటువెట్టిన. నేనొక గాడిదిని,” అన్నాడు.

లోకం మీద ఆయనకు ఎంత అసహ్యమో అందరికీ తెలుసు. తన పని మీద తనకు అంతకు రెట్టింపు అసహ్యం ఉండేదని ఆ గదిలోకి పోయినవాళ్లకే తెలుసు. నేను చూసిన మనుషుల్లో తన తప్పు వాసన చూసినవాడు ఆయనొక్కడే. అందుకే, కంపు భరించి మరీ పోయేవాణ్ని.

పెద్దమామ ఒకరోజు ఓపిక నశించి, కొత్తగా పూర్తయిన విల్లును తీసుకుపోయి బస్తాల కాంటా మీద పెట్టాడు. బస్తాలు తూచే కాంటాకు విల్లెంత? కదలలేదు. అంకెల స్థానంలో సున్నా నిలబడింది. హమాలీలు, రైతులు అందరూ చుట్టూ చేరారు.

“చూడుండ్రి! సున్నా! ఇన్నేండ్ల సంది నా తమ్ముడు చేసింది సున్నా!” అన్నాడు పెద్దమామ.

మామ వచ్చి కాంటా వైపు వంగి చూశాడు. నేను ముందు చెప్పిన ఆ భయంకరమైన నవ్వు అప్పుడు నవ్వాడు. “అల్లుడా, ఫోటో తియ్యి,” అన్నాడు నాతో. పెద్దమామకు ఆ నవ్వెందుకో ఇప్పటికీ తెలియదు.

అలాంటి రోజుల్లో షాహీన్ వచ్చింది. సిర్గాపూర్ పిల్ల. వాళ్ల నాన్న హైదరాబాదులో మేస్త్రీ పని. తను ఇక్కడి హాస్టల్ బడిలో. చిక్కుడు కాయలా సన్నగా ఉంటుంది, నోరు మాత్రం ఆ ఒంటికి సరిపోదు. పీఈటీ మేడం తీసుకొచ్చి, గురి బాగుంది కానీ భుజం నొప్పి అంటోంది అని చెప్పింది.

“ఎందుకు వణుకుతున్నవ్?” అని మామ గుడ్లురిమాడు.

“నేనేడ వణుకుతున్న సార్? గిదే వణుకుతుంది. పట్టుకున్న గనుక నన్ను గూడ వణికిస్తుంది,” అంది ఆ పిల్ల.

మామ నా వైపు తిరిగి, “విన్నవా? నువ్వు కాలేజీల ఏం సదివినవ్?” అన్నాడు. బీకాం అని మనవి చేసుకున్నాను.

ఆమె ఎత్తుకు, ఆమె చేతి పొడవుకు, ఆమె బలానికి సరిపడా ఒక విల్లు మొదలుపెట్టాడు. విల్లుకు పైనొక రెక్క, కిందొక రెక్క, మధ్యలో పిడి. మూడూ విడదీసి సంచిలో పెట్టుకోవచ్చు. పిడిని కూడా లోహంతో కాకుండా, లోపల నురగలాంటి తేలిక పదార్థం, పైన కార్బన్ గుడ్డతో చేశాడు. మొదటిది తెచ్చి ఇస్తే షాహీన్ ఒక బాణం వదిలి, ముఖం చిట్లించింది.

“సార్, తేలికనే ఉంది. గని బాణం వదిలినంక చెయ్యిల చేప లెక్క దుంకుతుంది.”

మామ దాన్ని లాక్కుని, తన చేత్తో ఒక బాణం వదిలి చూశాడు. చేప దూకింది. అతి తేలికైతే విల్లు నిలకడగా ఉండదు. ఎక్కడో ఒకచోట, సరిగ్గా కావలసినంత బరువు ఉండాలి. ఆ సంగతి ఒప్పుకోవడానికి మామ అన్నం మానేశాడు. తర్వాత పిడి కింది భాగంలో ఒక చిన్న ఇత్తడి బిళ్ల కూర్చాడు. అది కూరుస్తున్నప్పుడు ఆయన ముఖం చూడాల్సింది. ఏకాదశి ఉపవాసం ఉన్నవాడి చేత ఎవరో ఎముక కొరికిస్తున్నట్టు.

“నా చేత్తోటి నేనే బరువు పెడుతున్న అల్లుడా. ఎవరికి చెప్పకు.”

చెప్పను అన్నాను. ఇప్పుడు అచ్చువేయిస్తున్నాను.

ఎన్ని మార్చాడో. రెక్క మెలి తిరుగుతోందని ఒకటి, తాడు పక్కకు పోతోందని ఒకటి. ప్రతిసారీ షాహీన్ వంక పెట్టేది. ప్రతిసారీ మామ ఛీ అనేవాడు, ఆమెను కాదు, విల్లును. చివరికి ఒక సాయంత్రం ఆమె వరసగా బాణాలు వదిలి, ఏమీ అనకుండా మళ్లీ బాణాల కోసం చెయ్యి చాచింది. మామ గోడకు ఆనుకుని, “ఏమన్న అను,” అన్నాడు. “ఏమనాలె సార్? చేతిల ఏం లేనట్టుంది,” అంది. రాష్ట్ర జట్టు ఎంపికలు దగ్గరపడ్డాయి. పై పూత ఒకటి మిగిలింది, ఆరాక ఆదివారం వచ్చి తీసుకుపో అన్నాడు.

ఆదివారం రాకముందే చాయ్ గ్లాసు కింద పెట్టాడు.

నేను ఖేడ్‌లో బస్సు దిగి ఇంటికి చేరేసరికి వాకిలి నిండా మనుషులు. మామను అరుగు మీద కూర్చోబెట్టారు. మా లింగాయతుల్లో పోయినవాళ్లను పడుకోబెట్టరు, కూర్చున్నట్టే సమాధి చేస్తారు. మెడలో గుమ్మడికాయంత పూలదండలు. అవి ఒకదాని మీద ఒకటి వేసి వేసి, ఆయన గడ్డం పైకెత్తుకుని ఊపిరాడనివాడిలా ఉన్నాడు. బతికుంటే ఒక్క క్షణం ఉంచుకునేవాడు కాదు. గేటు దగ్గర ఫ్లెక్సీ. అందులో మామ పక్కన ఒక బంగారు విల్లు బొమ్మ. ఏ పౌరాణిక పటంలోంచో కత్తిరించింది, ఏనుగు తొండమంత లావు. కంపు వస్తోందని మునిసిపాలిటీకి అర్జీ పెట్టిన పక్కింటాయన నా చెయ్యి పట్టుకుని, “ఇగ గా వాసన ఏడ దొరుకుతది, గొప్ప మనిషి,” అన్నాడు. ఇంకొకాయన ఫోన్ పైకెత్తి, మామతో పాటు తన ముఖం కూడా వచ్చేలా ఫోటో తీసుకుంటున్నాడు. దుకాణం ముందు లారీలో కందుల బస్తాలు ఎక్కుతూనే ఉన్నాయి. లోడు ఆగితే నష్టమట.

పెద్దమామ మాత్రం నిజంగానే ఏడుస్తున్నాడు. అదే నాకు కష్టమైంది. అసహ్యించుకుందామంటే ఆయన కళ్లు ఎర్రగా ఉన్నాయి. ఆయన ఏడుస్తూనే గోదాంలోకి పోయి, షాహీన్ విల్లును రెండు చేతులా పట్టుకొచ్చాడు.

“నా తమ్ముని పానం దీంట్లనే ఉండె. ఇది ఆయనతోనే పోవాలె. గుంతల పక్కనే పెడదాం,” అన్నాడు.

క్రియ చేయించే జంగమయ్య తలెత్తి, “చేతిల లింగం ఉంటది గద. ఇంకేం అక్కరలేదు,” అన్నాడు.

“మీకు తెల్వదయ్యా. దీనికోసం ఆయన అన్నం గూడ మానేసిండు.”

అత్త మూలనుంచి, “గా పిల్లకు చేసిండు గదా బావా అది. మొన్న పూత గూడ వేసిండు. వచ్చేనెల పోటీ ఉన్నదట,” అంది.

“గా పిల్లకు నేను కొనిస్త,” అన్నాడు పెద్దమామ. “బజార్ల దొరికేటియి కొనిస్త. మంచిగ, బరువున్నది చూసి కొనిస్త.”

అందరూ తలలూపారు. ఎంత ఉదారం అన్నారు. ఆ ఇంట్లో ఇంతకన్నా గొప్ప ప్రేమమాట లేదు, మామ జీవితం మీద ఇంతకన్నా పెద్ద ఉమ్మూ లేదు. రెండూ ఒకే మాటలో వచ్చాయి.

ఇంతలో గుంత తవ్వినాయన కొలత కర్రతో వచ్చాడు. లోపల మనిషి కూర్చునే గూడు తప్ప చోటు లేదు, ఇంత పొడుగు వస్తువు పట్టదు అన్నాడు. ఒక్క క్షణం నాకు ప్రాణం లేచొచ్చింది. వెంటనే మా దూరపు చుట్టం, అదే, కందుల ధరాయన, “నడుమకు కోస్తే సరి. రంపం తేండ్రి,” అన్నాడు. ఒకడు రంపం కోసం పరుగెత్తాడు కూడా.

“కోసుడెందుకు?” అన్నాను నేను. “విప్పితే మూడు ముక్కలైతది. నేను విప్పుకొస్త.”

“నీకొస్తదా?” అన్నాడు పెద్దమామ.

“మామ చూపించిండు.”

“జల్దీ తే. తెల్లబట్టల కట్టి తే.”

తెల్లబట్టలో కట్టి తెచ్చాను. సమాధి చేసే చోటికి అందరం నడిచాం. అప్పటికి ఒక నాయకుడు కూడా వచ్చి చేరాడు. మామ విల్లులను ఒకప్పుడు ఆటబొమ్మలన్న మనిషే. ఫోటోల వాళ్లు సర్దుకున్నాక మూట తన చేతికి ఇమ్మన్నాడు. ఇచ్చాను. ఆయన దాన్ని రెండు చేతుల మీద ఎత్తి పట్టుకున్నాడు. మెడ నరం ఒకటి పైకి లేచింది.

“చూస్తున్నరా? ఎంత తేలికనో! గాలి లెక్కుంది, గాలి! ఇది మన ఖేడ్ బిడ్డ ప్రతిభ!” అన్నాడు, దవడ బిగించి. జనం ఆహా అన్నారు. మూట గుంతలోకి దిగింది.

ఆ గుంపుకు వెనక, ప్రహరీ పక్కన పీఈటీ మేడంతో షాహీన్ నిలబడి ఉంది. ఏడవలేదు. మూట లోపలికి పోవడం చూసింది. తర్వాత, దాన్ని తెచ్చింది ఎవరా అని వెతికి, నన్ను చూసింది. చెప్పుకు అంటుకున్నదాన్ని చూసేటప్పుడు మనం ఎలా చూస్తామో అలా చూసింది. ఆ రోజు నేను ఎంతోమందిని మనసులో ఛీ అనుకున్నాను. ఎదుటివాళ్లు నన్ను అనుకుంటే ఎలా ఉంటుందో అప్పుడే తెలిసింది. ఆమెను పిలిచి ఒక మాట చెప్పడానికి లేదు. చుట్టూ అందరూ ఉన్నారు.

పదకొండో రోజు సంతాపసభ. శాలువాలు, జ్ఞాపికలు. ఆ జ్ఞాపికను మా అత్త ఒక్కతే మోయలేక అమ్మ సాయం పట్టింది. ఊళ్లో కూడలి దగ్గర మామ విగ్రహం పెడతామన్నారు. సిమెంటుతో. “మంచి బరువున్నది,” అని వేదిక మీదనుంచి ఎవరో హామీ కూడా ఇచ్చారు. నేను లేచి బయటికి వచ్చి పక్కనున్న కాలువలో ఉమ్మాను. శాంతి కలిగింది.

ఇంతమందిని ఇన్ని మాటలన్నావు, నువ్వేం చేశావురా అని మీరు అడగవచ్చు. న్యాయమే. మామ బతికున్నన్నాళ్లూ నేను చేసింది కంపుకు ముక్కు మూసుకోవడం, పగిలినప్పుడు నవ్వడం. ఏమైనా చేశానంటే ఒక్కటే చేశాను, అది కూడా ఆయన పోయాక. ఈ వ్యాసం మీ చేతికి వచ్చేసరికి షాహీన్ ఎంపికలకు పోయే బస్సెక్కి ఉంటుంది. కాబట్టి ఇప్పుడు చెప్పినా ఫరవాలేదు. పెద్దమామా, కూర్చుని చదువు.

ఆ తెల్లబట్టలో విల్లు లేదు. గోదాం వెనక గోడకు ఒక తుప్పు పట్టిన కూలర్ స్టాండు ఉండేది చూడు, దాని ఇనుపకాళ్లు మూడు ఉన్నాయి. నాయకుడు గాలి అన్నది వాటినే. విల్లును మూడుగా విప్పాక, పిడిని బల్బుల ఫ్రిజ్‌లో దాచాను. రెక్కలు కూడా పెట్టబోతుంటే నీ అడుగుల చప్పుడు వినిపించింది. వాటిని గబుక్కున నా లాల్చీలోకి, వీపు వెంబడి దోపుకున్నాను. మూట ముందు నీకే చూపించాను. నువ్వు కళ్లు తుడుచుకుంటున్నావు, విప్పి చూడలేదు.

మర్నాడు పీఈటీ మేడం గదిలో మూడు ముక్కలూ షాహీన్ ముందు పెట్టాను. చాలాసేపు ముట్టుకోలేదు. తర్వాత, “మరి సార్ పక్కన ఏం పెట్టిన్రన్నా?” అని అడిగింది. చెప్పాను. “ఇనుమా? పాపం సార్!” అని నవ్వబోయి, చున్నీ నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

ఇక ఆ రోజు గుంత దగ్గర సంగతి. మామను గూట్లో కూర్చోబెట్టి, విభూతీ పత్రీ వేశాక, దగ్గరివాళ్లంతా ఒక్కొక్కరే గుంత అంచున వంగి పిడికెడు మట్టి వేస్తారు. నా వంతు వచ్చింది. మెడ కింది నుంచి నడుము దాకా రెండు రెక్కలూ ఉన్నాయి కాబట్టి నేను వంగలేను. కొయ్యలా నిలబడే మట్టి వదిలాను. “పాపం, మేనల్లుడు బిగుసుకపోయిండు చూడు,” అని ఎవరో ఆడమనిషి కంటతడి పెట్టుకుంది. నేను అలాగే నిటారుగా నిలబడి కిందికి చూస్తున్నాను. మామ తల మీద మట్టి పడుతోంది. వీపు మీద ఏదో ఉన్న సంగతి కాసేపటికి నిజంగానే మరిచిపోయాను. అంత తేలిక అది. అప్పుడు వచ్చింది నాకు ఏడుపు.